ఖాళీ కుర్చీలూ... ఓ ప్రపంచ కప్పూ!

ప్రపంచ కప్పు ఫైనల్ అనగానే మన కళ్ల ముందు ఏం కదులుతుంది? ఇసకేస్తే రాలని జనం, జెండాలు, ముఖాలకు రంగులు, టికెట్ దొరక్క గేటు బయటే ఉసూరుమంటూ నిలబడ్డ కుర్రాళ్లు. అంతేనా? మరి ఒక ప్రపంచ కప్పు ఫైనల్‌ని మైదానంలో కూర్చుని చూసినవాళ్లు మొత్తం 4,231 మంది అంటే నమ్ముతారా? మా ఊళ్లో కాస్త పేరున్నవాళ్లింట్లో పెళ్లికి అంతకన్నా ఎక్కువ విస్తళ్లు లేస్తాయి.

కానీ ఇది నిజంగా జరిగింది. 1972 నవంబరులో, ఫ్రాన్సు దేశంలోని లియాన్ నగరంలో. ఆట పేరు రగ్బీ లీగ్. ఆడింది గ్రేట్ బ్రిటన్, ఆస్ట్రేలియా. బ్రిటన్ కెప్టెన్ క్లైవ్ సలివాన్. బ్రిటన్‌లో ఏ ఆటలోనైనా జాతీయ జట్టుకు నాయకుడైన మొదటి నల్లజాతి క్రీడాకారుడు ఆయనే. ఆ రోజు ఆయన బంతిని గుండెకు హత్తుకుని దాదాపు మైదానం ఈ చివర నుంచి ఆ చివరిదాకా పరిగెత్తాడు. చివరికి స్కోరు 10-10 దగ్గర ఆగిపోయింది. అదనపు సమయం ఇచ్చినా తేలలేదు. అంతకు ముందు మ్యాచ్‌ల్లో మెరుగ్గా ఆడారని కప్పు బ్రిటన్‌కి ఇచ్చారు. అంతటి పరుగు చూడ్డానికి అంత పెద్ద స్టేడియంలో మనుషులే లేరు.

'మనకెందుకమ్మా ఈ గొడవ? క్రికెట్ చాలదా?' అంటారేమో. నాకూ 2022 దాకా ఈ ఆట పేరు తెలీదు. ఆ ఏడు మా చెల్లెలి రెండో పురిటికి, అమ్మ మోకాళ్ల నొప్పులతో అంత దూరం ప్రయాణం చెయ్యలేనంటే, శొంఠిపొడి, వాము, ఇంగువ అన్నీ సర్దుకుని నేనే ఇంగ్లండులోని లీడ్స్ వెళ్లాను. చంటిదానికి నూనె రాసి స్నానం చేయించడం, బాలింతకు పథ్యం వండటం, మిగతా టైములో కిటికీలోంచి వాన చూడటం. ఇదీ నా విదేశీ యాత్ర! సరిగ్గా ఆ అక్టోబరు, నవంబరు నెలల్లోనే ఇంగ్లండులో రగ్బీ లీగ్ ప్రపంచ కప్పు జరిగింది. 2021లో జరగాల్సిందే. కరోనా రోజుల్లో మేం రాలేమని ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ చెప్పడంతో ఏడాది వెనక్కి జరిపారు. ఈసారి మగవాళ్లకూ, ఆడవాళ్లకూ, చక్రాల కుర్చీల్లో ఆడేవాళ్లకూ కూడా ఒకేసారి, ఒకే పేరు కింద పోటీలు పెట్టారు. మూడు పోటీల్లోనూ పాల్గొన్నందుకు ఇచ్చే డబ్బు సమానమేనట. ఆ మాట వినగానే నాకు కుతూహలం కలిగింది. సమానంగా డబ్బిచ్చారు సరే, సమానంగా జనం వస్తారా?

మా మరిది రెండు టికెట్లు తెచ్చి "వదినా, మీరొచ్చి నెల దాటింది. ఒక్క పూట బయటికెళ్లి రండి" అన్నాడు. "వెళ్లిరా అక్కా, పాపని నేను చూసుకుంటాగా" అంది చెల్లెలు. పక్కింటి పెద్దావిడ తోడొచ్చింది. ఎనభై ఏళ్లుంటాయి ఆవిడకి. చేతికర్ర, మెడలో ఊలు మఫ్లర్. దారి పొడుగునా ఆట గురించి చెబుతూనే ఉంది. అర్థమయింది సగం, తల ఊపింది మొత్తం.

చూస్తే ఇది మన చెడుగుడుకి దూరపు చుట్టంలా అనిపించింది. జట్టుకి 13 మంది. కోడిగుడ్డు ఆకారంలో బంతి. చేత్తో పట్టుకుని పరిగెత్తాలి. అందించాలంటే పక్కకో వెనక్కో అందించాలి గానీ ముందుకు విసరకూడదు. అవతలివాళ్లు నడుముకో కాళ్లకో చుట్టుకుని కింద పడేస్తారు. పడ్డమనిషి లేచి మడమతో బంతిని వెనక్కి తోస్తే మళ్లీ మొదలు. ఇలా ఆరుసార్లు దొరికిపోయేలోగా చివరి గీత దాటి బంతిని నేలకి ఆనించాలి. దాన్ని 'ట్రై' అంటారు. 4 పాయింట్లు. ఆ తర్వాత బంతిని తన్ని గోలు కొడితే ఇంకో 2. ఆరుసార్లలో కుదరకపోతే బంతి అవతలివాళ్లకి ఇచ్చెయ్యాలి. అంతే! పది నిమిషాలు చూస్తే మా అత్తగారు కూడా తప్పులు పట్టగలరు.

వేరు కాపురం

రగ్బీ అనే ఉమ్మడి కుటుంబంలోంచి వేరుపడ్డ కాపురం ఇది. వేరుపడటానికి కారణం డబ్బే అయినా, అది అత్యాశ కాదు, కూలి డబ్బులు. ఉత్తర ఇంగ్లండులో ఆడేవాళ్లంతా నూలు మిల్లుల్లో, బొగ్గు గనుల్లో పనిచేసేవాళ్లు. శనివారం ఆటకి వెళ్తే ఆ పూట కూలి పోయేది. పోయిన కూలిని క్లబ్బులు ఇచ్చుకోవచ్చా అని అడిగితే, లండన్‌లోని పెద్దలు 'ఆట అనేది డబ్బు కోసం కాదు' అన్నారు. కడుపు నిండినవాళ్లు అనగలిగే మాట! 1895 ఆగస్టు 29న హడర్స్‌ఫీల్డ్‌లోని జార్జి హోటల్లో ఉత్తరాది క్లబ్బులు సమావేశమై వేరుపడిపోయాయి. తర్వాత నియమాలు మార్చుకున్నాయి, 15 మందిని 13 చేసుకున్నాయి. రోజుకి ఆరు షిల్లింగుల కూలి నష్టం దగ్గర మొదలైన తగువు ఇది.

అందుకేనేమో, ఈ ఆటకి జనం రావడం అంటే ఉత్త సరదా లెక్క కాదు. పెద్దింటి అండ లేని కాపురానికి గేటు దగ్గర వచ్చే టికెట్ డబ్బులే ఆధారం. పక్కింటావిడ వాళ్ల నాన్నగారు 1954లో బ్రాడ్‌ఫర్డ్‌లోని ఆడ్సల్ మైదానంలో వారింగ్టన్, హాలిఫాక్స్ క్లబ్బుల మధ్య జరిగిన కప్పు ఫైనల్ రీప్లేకి వెళ్లారట. తెల్లారగట్ల ఇంటికొచ్చి, చొక్కా బొత్తాలన్నీ ఊడిపోయినా నవ్వుతూనే ఉన్నారట. ఆ రోజు లెక్కకి వచ్చినవాళ్లే 1,02,569 మంది. గోడలు దూకినవాళ్లని ఎవరు లెక్కపెట్టారు!

అదే 1954లో, అదే ఆటలో, మొట్టమొదటి ప్రపంచ కప్పు ఫ్రాన్సులో జరిగింది. పారిస్‌లో ఫైనల్‌కి వచ్చింది ముప్ఫై వేల పైచిలుకు. ఒక క్లబ్బు మ్యాచ్‌కి లక్ష మంది, ప్రపంచ కప్పుకి ముప్ఫై వేలు. ఈ ఆట కష్టమంతా ఆ రెండు అంకెల మధ్యే ఉంది. ఇప్పటికీ అంతే. 1999లో సిడ్నీలో క్లబ్బుల ఫైనల్‌కి 1,07,999 మంది వచ్చారు. ఆస్ట్రేలియాలో రెండు రాష్ట్రాల మధ్య 'స్టేట్ ఆఫ్ ఆరిజిన్' అని ఏటా జరుగుతుంది. 2015లో మెల్‌బోర్న్‌లో ఒక మ్యాచ్‌కి 91,513 మంది. ఇంటి పెళ్లికి ఊరంతా వస్తారు, ఊరి జాతరకి మాత్రం తలుపులేసుకుంటారు అన్నట్టుంది వ్యవహారం.

అలా అని దేశాల మధ్య ఆటకి జనం ఎప్పుడూ రాలేదనడం కూడా అబద్ధం. 1932లో సిడ్నీలో ఇంగ్లండు వాళ్లు ఆడితే 70,204 మంది వచ్చారు. 1992లో వెంబ్లీలో ప్రపంచ కప్పు ఫైనల్‌కి 73,631. 2013లో మాంచెస్టర్ ఓల్డ్ ట్రాఫర్డ్ ఫైనల్‌కి 74,468. మధ్యలో 2000 సంవత్సరం మాత్రం ఒక పీడకల. 16 జట్లని పిలిచారు. అసలే వానాకాలం, వరదలు. దానికి తోడు అప్పుడే ఒక పెద్ద రైలు ప్రమాదం జరిగి రైళ్లన్నీ ఆలస్యం. లండన్ ట్వికెన్‌హామ్‌లో ఇంగ్లండ్, ఆస్ట్రేలియా మ్యాచ్‌కి సగం స్టేడియం కూడా నిండలేదు. ఆ దెబ్బకి తర్వాతి ప్రపంచ కప్పు పెట్టడానికి 8 ఏళ్లు పట్టింది. మళ్లీ 2008లోనే.

ఎందుకిలా అంటే పెద్ద పెద్ద కారణాలు చెబుతారు. నాకు తోచింది ఒక్కటే. అలవాటు తప్పించారు. ప్రతి శనివారం ఫలానా ఇంట్లో భజన అంటే ఎవరూ పిలవకపోయినా పదిమంది వస్తారు. మూడేళ్లకోసారి, అదీ ఏ ఊళ్లోనో, ఏ నెల్లోనో తెలీకుండా పెడితే ఎవరొస్తారు? ఆస్ట్రేలియా మగవాళ్ల జట్టు 2019 నవంబరు తర్వాత మళ్లీ 2022 అక్టోబరు దాకా ఒక్క అంతర్జాతీయ మ్యాచ్ ఆడలేదు. కరోనా కొంత కారణం, క్లబ్బుల సీజన్ పొడుగు మరికొంత. ఆటగాళ్లకి జీతాలిచ్చేది క్లబ్బులు. టీవీ డబ్బంతా క్లబ్బు పోటీలకే. ఇక అంతర్జాతీయ సంస్థకి ప్రపంచ కప్పు మీద వచ్చేదే ప్రధానమైన రాబడి. ఆ కప్పుకి కుర్చీలు ఖాళీగా ఉంటే, చిన్న దేశాలకి ఇచ్చేది అంతే చిక్కిపోతుంది.

2022లో కూడా టికెట్ ధరలు మండిపోతున్నాయని అక్కడివాళ్లు బాగానే తిట్టుకున్నారు. మా చెల్లెలి వీధిలోనే ఒకాయన "నలుగురం వెళ్లాలంటే వారం సరుకుల డబ్బు" అన్నాడు. ఇంగ్లండులో అప్పుడు కరెంటు, గ్యాసు బిల్లులు చూసి అందరూ గుండెలు బాదుకుంటున్న రోజులు. చెల్లెలు కూడా హీటర్ వేసినప్పుడల్లా మీటరు చూసొచ్చేది. అలాంటప్పుడు ఆట టికెట్ ఎంత పెట్టాలో ఇల్లు నడిపేవాళ్లని ఒక్కరిని అడిగినా చెప్పేవాళ్లు.

మంగళవారం మధ్యాహ్నం

మేం వెళ్లింది ఆడవాళ్ల ప్రపంచ కప్పు మొదటి రోజుకి. 2022 నవంబరు 1, మంగళవారం, లీడ్స్ హెడింగ్లీ మైదానం. ఇంగ్లండ్, బ్రెజిల్. పనిరోజు, మిట్టమధ్యాహ్నం. ఎవరొస్తారులే అనుకుంటూ వెళ్లానా, లోపల 8,621 మంది! ఆ దేశంలో ఆడవాళ్ల రగ్బీ లీగ్ మ్యాచ్‌కి అంతమంది రావడం అదే మొదటిసారట. నన్ను కట్టిపడేసింది ఆ అంకె కాదు, వచ్చినవాళ్లు. జడలేసుకున్న ఆడపిల్లలు వరసలు వరసలుగా. ఒళ్లో పాలసీసాలతో తల్లులు. నాలాగా ఏమీ తెలీకుండా వచ్చి కూర్చున్న అమ్మమ్మలు. మగవాళ్ల మ్యాచ్ టీవీలో చూసినప్పుడు వినిపించే ఆ కేకలు, బూతులు ఇక్కడ లేవు. మరుగుదొడ్ల దగ్గర క్యూ మాత్రం ఆడవాళ్ల వైపే మైలు పొడుగు. ఏ దేశమేగినా ఇదొక్కటి మారదు కాబోలు!

ఇంగ్లండ్ 72, బ్రెజిల్ 4. చెప్పడానికి ఏకపక్షమే. కానీ బ్రెజిల్ అమ్మాయిలు ఆ ఒక్క ట్రై చేసినప్పుడు మా వరసలో అందరూ లేచి నిలబడ్డారు. పక్కింటావిడ చేతికర్ర నేలకేసి కొట్టింది. ఆ వెంటనే అదే మైదానంలో రెండో మ్యాచ్, పాపువా న్యూగినీ, కెనడా. అయితే ఇంగ్లండ్ ఆట అవగానే మా ముందు వరసలు పలచబడ్డాయి. చీకటి పడుతోంది, చలి, పిల్లలకి ఆకలి. తప్పు పట్టలేం. నేను మాత్రం కదల్లేదు. ఆ సంగతి మళ్లీ చెబుతాను.

ఆడవాళ్ల ఆట గురించి ఎప్పుడూ వినిపించే మాట ఒకటుంది, 'పెడితే మాత్రం ఎవరు చూస్తారు?' అని. ఈ మాటకి జవాబు ఆస్ట్రేలియాలో దొరికింది. 2018లో ఆడవాళ్ల స్టేట్ ఆఫ్ ఆరిజిన్ మ్యాచ్‌కి సిడ్నీలో వచ్చింది 6,824 మంది. అదే 2024లో న్యూకాజిల్‌లో 25,782. మగవాళ్ల మ్యాచ్‌కి తోకలా కాదు, విడిగా పెట్టారు. ఆ ఏడాదే మొదటిసారి ఒక మ్యాచ్ కాకుండా, రెండు కాకుండా, మగవాళ్లకి లాగే మూడు మ్యాచ్‌ల సిరీస్ చేశారు. ముందు ఆట పెట్టారు, వేళ పెట్టారు, టీవీలో చూపించారు. ఆ తర్వాతే జనం వచ్చారు.

దానికి పూర్తి వ్యతిరేకం 2022 ఫైనల్. ఓల్డ్ ట్రాఫర్డ్‌లో ముందు ఆడవాళ్లది, తర్వాత మగవాళ్లది. ఇంట్లో టీవీలో చూశాను. ఆడవాళ్ల ఫైనల్ మొదలయ్యేసరికి ఆ మహా స్టేడియంలో జనం ఇంకా మెల్లగా వచ్చి కూర్చుంటున్నారు. ఆస్ట్రేలియా అమ్మాయిలు 54-4తో న్యూజిలాండ్‌ని ఓడించి కప్పెత్తాక, అప్పుడు నిండింది. మగవాళ్ల ఫైనల్ లెక్క 67,502. ఒకే రోజు, ఒకే మైదానం గౌరవమే, కాదనను. కానీ మొదటి బంతిలో కూర్చున్నవాళ్లకి కూర తక్కువా, రెండో బంతికి గారెలూ అన్నట్టు అనిపించింది నాకు.

ఆటలో తేడా కూడా అలాగే పెరుగుతోంది. 2025 మార్చి 1న అమెరికాలోని లాస్ వెగాస్‌లో ఆస్ట్రేలియా ఆడవాళ్లు ఇంగ్లండ్‌ని 90-4తో ఓడించారు. ఆస్ట్రేలియాలో 2018 నుంచి ఆడవాళ్లకి జాతీయ లీగ్ ఉంది, జీతాలున్నాయి. ఇంగ్లండ్ అమ్మాయిల్లో ఎక్కువమంది పగలు ఉద్యోగాలు చేసుకుని సాయంత్రాలు ప్రాక్టీసుకి వెళ్లేవాళ్లు. ఆరు షిల్లింగుల కూలి కోసం 1895లో వేరుపడ్డ ఆట, అదే ఉత్తర ఇంగ్లండులో, ఆడపిల్లల కూలి సంగతి ఇంకా పూర్తిగా తేల్చలేదు. 90-4 అనే స్కోరు వెనక ఉన్నది అదే. అలాంటి స్కోర్లు నాలుగు వచ్చాయంటే చూసేవాళ్లు చానల్ మార్చేస్తారు. చూసేవాళ్లు లేరని మళ్లీ జీతాలివ్వరు.

సరే, సంతోషం కలిగించే సంగతి ఒకటి చెప్పాలి. ఆ కప్పులోనే ఒక మ్యాచ్‌కి మొట్టమొదటిసారి ఒక మహిళ రిఫరీగా నిలబడింది, అదీ మగవాళ్ల ప్రపంచ కప్పులో. ఆస్ట్రేలియాకి చెందిన కేసీ బాడ్జర్. టోంగా, వేల్స్ మ్యాచ్. ఒక్కొక్కరూ నూరేసి కిలోల మనుషులు ఆవిడ విజిల్ వెయ్యగానే ఠక్కున ఆగిపోవడం చూసి మా చెల్లెలు "మా ఇంట్లో కూడా ఓ విజిల్ కొనాలక్కా" అంది.

చక్రాల కుర్చీల ఫైనల్ అయితే మరీ విచిత్రం. ఈ ఆట పుట్టిందే ఫ్రాన్సులో. జట్టుకి ఐదుగురు. ఆడా మగా కలిసి ఆడొచ్చు. నడవలేనివాళ్లూ, నడవగలిగినవాళ్లూ కూడా కలిసి ఆడొచ్చు, అందరూ కుర్చీలోనే. పట్టుకుని పడెయ్యడానికి బదులు భుజానికున్న పట్టీ లాగెయ్యాలి. ఢీకొట్టుకునే చక్రాల చప్పుడు టీవీలో విన్నా ఒళ్లు జలదరిస్తుంది. నవంబరు 18న మాంచెస్టర్‌లో, ఒకప్పటి రైల్వే స్టేషన్‌ని హాలుగా మార్చిన చోట, ఇంగ్లండ్ 28-24తో ఫ్రాన్సుని ఓడించింది. చివరి నిమిషాల్లో గెలిపించే ట్రై చేసింది కెప్టెన్ టామ్ హాలివెల్. వచ్చినవాళ్లు 4,526 మంది, ఆ ఆటకి ప్రపంచ రికార్డు. 1972 ఫైనల్ కన్నా ఎక్కువేగా! ఇంట్లో టీవీల ముందు ఒక దశలో 13 లక్షల మంది. చూడని ఆట కనుక చూడలేదు గానీ, చూపిస్తే చూస్తారు.

దీవుల జెండాలు

ఇక ఈ ఆటకి కొత్త ఊపిరి పోసింది ఎవరో తెలుసా? పసిఫిక్ సముద్రంలో చుక్కల్లా ఉండే దీవులు. టోంగా జనాభా సుమారు లక్ష. మన దగ్గర ఓ మోస్తరు మునిసిపాలిటీ అంత. 2017 ప్రపంచ కప్పుకి ముందు జేసన్ టౌమలోలో, ఆండ్రూ ఫిఫీటా అనే ఇద్దరు పేరున్న ఆటగాళ్లు న్యూజిలాండ్, ఆస్ట్రేలియా జట్లలో చోటు వదులుకుని, పెద్ద మ్యాచ్ ఫీజులు వదులుకుని, తమ పెద్దల దేశమైన టోంగాకి ఆడతామన్నారు. అంతే! ఆక్లండ్ వీధులన్నీ ఎర్రజెండాలు. కార్ల మీద, మేడల మీద, పిల్లల మెడల్లో. హామిల్టన్‌లో న్యూజిలాండ్‌నే 28-22తో ఓడించారు. సెమీఫైనల్లో ఇంగ్లండ్ చేతిలో రెండు పాయింట్ల తేడాతో ఓడినప్పుడు ఆక్లండ్‌లో 30,003 మంది ఉన్నారు. ఆట అయ్యాక కూడా జనం భక్తిగీతాలు పాడుతూ ఉండిపోయారు. 2019లో ఆస్ట్రేలియానీ ఓడించారు, 16-12.

తర్వాత సమోవా వంతు. 2022 మొదటి మ్యాచ్‌లో ఇంగ్లండ్ చేతిలో 60-6తో చిత్తుగా ఓడి, నెల తిరక్కుండా లండన్‌లో సెమీఫైనల్లో అదే ఇంగ్లండ్‌ని 27-26తో, అదనపు సమయంలో స్టీఫెన్ క్రిచ్టన్ కొట్టిన ఒక్క గోలుతో ఓడించింది. ఈ రెండు దీవుల జట్లు 2025 అక్టోబరులో ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్‌లో తలపడితే 44 వేల పైచిలుకు జనం! రెండు దేశాల్లో ఏదీ ఆతిథ్య దేశం కాదు. వచ్చినవాళ్లంతా పొట్ట చేతబట్టుకుని అక్కడికి వలసవెళ్లిన కుటుంబాలు, వాళ్ల పిల్లలు.

ఇది నాకు వింతగా తోచలేదు. లీడ్స్‌లో బతుకమ్మ అని ఓ స్కూలు హాలు అద్దెకి తీసుకుంటే ఎక్కడెక్కడి ఊళ్ల నుంచో పూలు పట్టుకుని రెండేసి గంటలు కార్లలో వచ్చారు. ఇక్కడున్నప్పుడు పండక్కి పక్కవీధికి వెళ్లని మనుషులు! పరాయి ఊళ్లో ఉంటే సొంతూరి జెండాకి బరువు పెరుగుతుంది.

2025లోనే ఇంగ్లండులో ఇంకోటి జరిగింది. ఇంగ్లండ్, ఆస్ట్రేలియా మధ్య పాత యాషెస్ సిరీస్‌ని 2003 తర్వాత, అంటే 22 ఏళ్లకి, మళ్లీ మొదలుపెట్టారు. వెంబ్లీలో 60,812 మంది. లివర్‌పూల్‌లో కొత్తగా కట్టిన స్టేడియంలో 52 వేల పైచిలుకు. ఇంగ్లండ్ మూడూ ఓడిపోయింది పాపం. అయినా జనం రావడం మానలేదు. అంతకు ముందు ఏడాది సమోవా వస్తే విగన్‌లో, లీడ్స్‌లో పదిహేను పదహారు వేల చొప్పున వచ్చారు. మంచి జట్టుని పిలిచి, నాలుగు నెలలు ముందుగా చెప్పి, మాట తప్పకుండా ఆడిస్తే కుర్చీలు నిండుతున్నాయి.

పిలిచి మాట తప్పినవాళ్లూ ఉన్నారు. 2025 ప్రపంచ కప్పు అసలు ఫ్రాన్సులో జరగాలి. ప్రభుత్వం డబ్బుకి పూచీ ఇవ్వనంది. 2023 మేలో ఫ్రాన్సు చేతులెత్తేసింది. ఈ ఆటకి ఫ్రాన్సులో ఇది మొదటి దెబ్బ కాదు. 1951లో ఫ్రాన్సు జట్టు ఆస్ట్రేలియా వెళ్లి సిరీస్ గెలిచి వచ్చింది. సిగరెట్ మానని ప్యుగ్ ఒబేర్ అనే బొద్దు మనిషి గోల్స్ కొడుతుంటే చూడ్డానికి సిడ్నీలో అరవై వేల పైన జనం. కానీ అంతకు పదేళ్ల ముందే, రెండో ప్రపంచ యుద్ధకాలంలో, విషీ ప్రభుత్వం ఈ ఆటని నిషేధించి ఆస్తులు కూడా లాగేసుకుంది. యుద్ధం అయ్యాక కూడా దశాబ్దాల పాటు 'రగ్బీ' అనే పేరు పెట్టుకోనివ్వలేదు. గ్రీసులో అయితే 2022 దాకా ఈ ఆటకి గుర్తింపే లేదు. పోలీసులొచ్చి మ్యాచ్‌లు ఆపేసేవారు. అర్ధరాత్రి వేళ ఎవరికీ చెప్పకుండా ఆడుకునేవారు. అలా దొంగచాటుగా ఆడిన జట్టు ఆ ఏడే ప్రపంచ కప్పుకి వచ్చి ఇంగ్లండ్ చేతిలో 94-4తో ఓడింది. నవ్వుకోవచ్చు. నాకు మాత్రం ఆ 4 పాయింట్లు ఇష్టం.

ఫ్రాన్సు వదిలేసిన కప్పుని ఆస్ట్రేలియా, పాపువా న్యూగినీ ఎత్తుకున్నాయి. 2026 అక్టోబరు 15 నుంచి నవంబరు 15 దాకా అని తేదీలు పెట్టారు. మగవాళ్ల జట్లని 16 నుంచి 10కి తగ్గించారు. 94-4 లాంటి స్కోర్లుంటే జనం రారనీ, ఖర్చు గిట్టదనీ వాదన. ఖర్చు సంగతి నాకూ తెలుసు, నెలాఖర్లో ఎవరికి తెలీదు? అయినా జమైకా, గ్రీసు లాంటి వాళ్లని ఒకసారి పీట వేసి కూర్చోబెట్టి, మరుసటి పండక్కి పిలవకపోవడం నాకు మింగుడు పడలేదు. ఆడవాళ్ల జట్లు 8 ఉన్నాయి, అది తగ్గించలేదు. సంతోషమే.

ఇప్పుడు పాపువా న్యూగినీ సంగతి. ప్రపంచంలో రగ్బీ లీగ్‌ని జాతీయ క్రీడగా భావించే దేశం అదొక్కటే అంటారు. మగవాళ్ల జట్టు పేరు కుముల్స్, అంటే వాళ్ల భాషలో స్వర్గపక్షులు. 2017లో ప్రపంచ కప్పు మ్యాచ్‌లు రాజధాని పోర్ట్ మోర్స్‌బీలో పెడితే స్టేడియం నిండిపోయింది. అక్కడి జట్టు ఒకటి 2028లో ఆస్ట్రేలియా క్లబ్బుల లీగ్‌లో చేరబోతోంది. అందుకు ఆస్ట్రేలియా ప్రభుత్వం పదేళ్లకి 60 కోట్ల ఆస్ట్రేలియన్ డాలర్లు ఇస్తానని 2024 డిసెంబరులో ప్రకటించింది. ఆట మీద ప్రేమ ఒక్కటే కాదు, ఆ సముద్రంలో చైనా పలుకుబడి పెరక్కుండా చూసుకోవడం కూడా ఉందని పత్రికలు రాశాయి. ఎవరి లెక్కలు వాళ్లవి.

అక్కడి ఆడవాళ్ల జట్టు పేరు ఆర్కిడ్స్. 2017 ప్రపంచ కప్పు కోసమే మొదటిసారి కూర్చారు. ఆడపిల్లలకి ఈ ఆటేమిటని ఇంట్లోనూ వీధిలోనూ మాటలు పడి వచ్చినవాళ్లు. వాళ్ల మీద 'పవర్ మేరి' అని ఓ డాక్యుమెంటరీ తీశారు. మేరి అంటే వాళ్ల భాషలో ఆడమనిషి అని అర్థం. హెడింగ్లీలో చీకటి పడ్డాక, సగం వరసలు ఖాళీ అయ్యాక, నేను కదలకుండా చూసింది వీళ్లనే. కెనడాని ఓడించారు. పెద్దగా నవ్వుతారు, పడితే ఒకరినొకరు చెయ్యిచ్చి లేపుకుంటారు. తర్వాత సెమీఫైనల్ దాకా వెళ్లి ఆస్ట్రేలియా చేతిలో 82-0తో ఓడిపోయారు. ఐదేళ్ల వయసున్న జట్టు ప్రపంచంలో మొదటి నాలుగింటిలో నిలవడమంటే మాటలా!

2026లో వాళ్ల సొంత ఊళ్లో ప్రపంచ కప్పు మ్యాచ్‌లు పెడుతున్నారు. స్టేడియం నిండుతుంది, అందులో నాకు సందేహం లేదు. నా సందేహమల్లా ఆ కుర్చీల్లో ఎన్నింట్లో ఆడవాళ్లు కూర్చుంటారని. పొద్దుపోయాక ఒంటరిగా తిరగడానికి ఆడవాళ్లు భయపడే నగరం అది. హెడింగ్లీలో అంతమంది తల్లులూ పిల్లలూ రాగలిగింది ఆట మధ్యాహ్నం రెండున్నరకి పెట్టబట్టి, టికెట్ చవగ్గా ఉండబట్టి, బస్సు గేటు దగ్గరే ఆగబట్టి. పోర్ట్ మోర్స్‌బీలోనూ ఆర్కిడ్స్ ఆట పగలు పెట్టి, అయ్యాక ఇళ్లకి చేర్చే బస్సులు నాలుగు గేటు బయట నిలబెడితే చాలు.